సముద్రం అడుగున గ్యాస్ ఎంత? ఒక్క అంకెలో ఇమడని జవాబు

2006 డిసెంబరులో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకు సవరించిన అభివృద్ధి ప్రణాళికకు ఆమోదం లభించింది. ధీరూభాయ్-1, ధీరూభాయ్-3 అనే రెండు క్షేత్రాల నుంచి 10.03 ట్రిలియన్ ఘనపుటడుగుల సహజవాయువు తీయవచ్చని, ఉత్పత్తి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల దాకా పెరిగి కొన్నేళ్లు నిలకడగా సాగుతుందని అప్పటి అంచనా. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. 2009 ఏప్రిల్‌లో కాకినాడ దగ్గరి గాడిమొగకు గ్యాస్ చేరింది. 2010 మార్చిలో బ్లాకు మొత్తం ఉత్పత్తి రోజుకు దాదాపు 6.9 కోట్ల ఘనపు మీటర్లను తాకింది. ఆపైన పెరగలేదు సరికదా, తగ్గడం మొదలై 2013 నాటికి 2 కోట్ల లోపుకు దిగజారింది. ఈలోగా 2012లోనే నిల్వల అంచనాను సుమారు మూడో వంతుకు కుదించారు. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాల్లో ఉత్పత్తి ఆగిపోయేసరికి వాటి నుంచి బయటికి వచ్చింది దాదాపు 3 ట్రిలియన్ ఘనపుటడుగులు.

పది వస్తుందనుకున్న చోట మూడు రావడం ఒక కంపెనీ లెక్కల పుస్తకానికి పరిమితమైన సంగతి కాదు. ఆ గ్యాస్‌ను నమ్ముకుని కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైపులైను వేశారు. వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వంటి చోట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రాలు కట్టారు, ఉన్నవాటిని విస్తరించారు. గ్యాస్ రాక ఆ యంత్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. 2015లో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 24,150 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ సామర్థ్యం ఉంటే, అందులో 14,305 మెగావాట్లకు దేశీయ గ్యాస్ సరఫరా అసలే లేదు. కట్టినవాళ్లు బ్యాంకులకు బాకీపడ్డారు, బ్యాంకుల్లో ఉన్నది జనం సొమ్ము. కాబట్టి సముద్రం అడుగున ఎంత గ్యాస్ ఉందో నిపుణులు ఎలా చెబుతారు, ఆ మాటను ఎంతవరకు నమ్మాలి అన్నవి మనందరికీ సంబంధించిన ప్రశ్నలు.

ఈ రోజుల్లో ఆ జవాబు కంప్యూటర్‌లో తయారవుతుంది. భూగర్భంలోని రాతిపొరలను త్రీడీ నమూనాగా కట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో బాగా పేరున్న పెట్రెల్ 1990ల చివర నార్వేలో పుట్టి, తర్వాత ష్లంబర్జే కంపెనీ చేతికి వచ్చింది. తెరమీద ఆ నమూనా కనువిందుగా ఉంటుంది. ఇసుక పసుపుపచ్చగా, బంకమట్టి బూడిదరంగులో, గ్యాస్ ఎర్రగా కనిపిస్తాయి. మౌస్‌తో ఎటు కావాలంటే అటు తిప్పి చూడవచ్చు. ప్రమాదమంతా ఆ స్పష్టతలోనే ఉందని నా అభిప్రాయం. చూసేవాళ్లకు అది ఫొటోలా అనిపిస్తుంది. నిజానికి అందులో తొంభై తొమ్మిది పాళ్లు ఊహే. సాఫ్ట్‌వేర్ మనకు చేసిన అసలు మేలు అందమైన బొమ్మను చేతికివ్వడం కాదు, అదే సమాచారంతో పొసగే వందలాది వేర్వేరు బొమ్మలను కొద్ది రోజుల్లో గీసే వీలు కల్పించడం. ఆ వీలును వాడుకోకుండా ఒక్క బొమ్మనూ ఒక్క అంకెనూ పట్టుకుని వేల కోట్ల నిర్ణయాలు తీసుకుంటే సాఫ్ట్‌వేర్ ఉండీ ప్రయోజనం లేదు.

ఈ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే నమూనా ఎలా తయారవుతుందో మొదటి నుంచి చూడాలి. ముందు సీస్మిక్ సర్వే. ఓడ వెనక ఎయిర్‌గన్‌లు నీటిలో పెద్ద చప్పుడు చేస్తాయి. ఆ తరంగాలు సముద్రపు అడుగును దాటి లోపలికి వెళ్లి, రాతి స్వభావం మారిన ప్రతిచోటా కొంత వెనక్కి వస్తాయి. ఓడ లాగే కిలోమీటర్ల పొడవైన కేబుళ్లలోని హైడ్రోఫోన్లు వాటిని పట్టుకుంటాయి. అలా వచ్చే చిత్రంలో నిలువు కొలత మీటర్లలో ఉండదు, సెకన్లలో ఉంటుంది. తరంగం ఎంత వేగంతో పోయిందో అంచనా కడితే తప్ప అది లోతుగా మారదు, ఆ వేగం పొరపొరకూ వేరు. ఇక వివరం సంగతి. లేత ఇసుకల్లో తరంగ వేగం సెకనుకు 2,000 మీటర్లు, పౌనఃపున్యం 40 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 50 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే పన్నెండు మీటర్లకు పైబడిన మందం ఉన్న పొరకే పైఅంచూ కింది అంచూ విడిగా తెలుస్తాయి. అంతకన్నా పలచని పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనబడతాయి. గ్యాస్ పారేదీ ఆగేదీ నిర్ణయించే బంకమట్టి పొరలు చాలాచోట్ల ఒక మీటరు మందం కూడా ఉండవు.

తర్వాత బావులు. పరికరాలను బావిలోకి దించి పైకి లాగుతూ ప్రతి పదిహేను సెంటీమీటర్లకూ రాతి గుణాలను కొలుస్తారు. ఆ కొలతల పట్టీనే లాగ్ అంటారు. సహజ రేడియోధార్మికతను కొలిచే గామా లాగ్ ఇసుక దగ్గర తక్కువ, బంకమట్టి దగ్గర ఎక్కువ చూపుతుంది. విద్యుత్ నిరోధం ఎక్కువుంటే రంధ్రాల్లో గ్యాస్ ఉండవచ్చు, తక్కువుంటే ఉప్పునీరు ఉండవచ్చు. ఇవి నికరమైన కొలతలే. అయితే బావి వెడల్పు ఇరవై సెంటీమీటర్ల చిల్లర. వంద చదరపు కిలోమీటర్ల క్షేత్రంలో పది బావులు తవ్వితే, మనం నేరుగా తాకింది ఆ విస్తీర్ణంలో దాదాపు 28 కోట్లలో ఒక వంతు. అదే క్షేత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో 50 మీటర్ల చదరపు గడులుగా, 200 పొరలుగా విభజిస్తే 80 లక్షల గడులు వస్తాయి. పది బావులూ కలిసి వాటిలో దూరేది రెండు వేల గడుల్లోకి. మిగతా 79 లక్షల 98 వేల గడులనూ ఏదో ఒక లెక్కతో నింపాల్సిందే.

ఆ రెండు వేల గడుల్లో ఉన్నదైనా నిక్కచ్చి కొలతేనా అంటే, అదీ కాదు. మీటరు మందమున్న ఒక గడిని తీసుకుందాం. దాన్ని దాటేటప్పుడు బావి లాగ్‌లో ఆరు రీడింగులు ఉంటాయి. నాలుగు ఇసుక, రెండు బంకమట్టి. గడికి ఒక్క పేరే పెట్టాలి కాబట్టి సాఫ్ట్‌వేర్ సాధారణంగా మెజారిటీ చూసి మొత్తం గడిని ఇసుకగా రాసేస్తుంది. అడ్డంగా ఉన్న రెండు పలచని బంకమట్టి పొరలు అక్కడితో మాయం. వాటి మీదుగా గ్యాస్ పైకి పోలేదన్న సంగతి నమూనాకు ఇక తెలియదు. అసలు ఏ రీడింగు దాకా ఇసుక, ఎక్కడి నుంచి బంకమట్టి అన్న గీతను కూడా మనిషే గీస్తాడు. ఆ గీత కాస్త అటు జరిగితే ఇసుక వాటా పెరుగుతుంది, ఇటు జరిగితే తగ్గుతుంది. తుది నివేదికలో ఈ ఎంపిక ఒక అనుబంధంలో చిన్న వాక్యంగా మిగులుతుంది, దాని ప్రభావం మాత్రం మొత్తం నిల్వ మీద పడుతుంది.

బావికీ బావికీ మధ్యనున్న ఖాళీని నింపే గణితానికి పునాది దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పడింది. అక్కడ డానీ క్రిగ్ అనే ఇంజనీరు 1950ల మొదట్లో కొద్దిపాటి నమూనాల నుంచి ఖనిజం ఎంతుందో అంచనా వేసే పద్ధతి కనిపెట్టాడు. ఫ్రాన్స్‌లో జార్జ్ మాతెరాన్ 1960ల్లో దాన్ని పూర్తిస్థాయి సిద్ధాంతంగా మలిచి, క్రిగ్ పేరుమీదనే క్రిగింగ్ అన్నాడు. దగ్గరి కొలతకు ఎక్కువ విలువ, దూరపు కొలతకు తక్కువ విలువ ఇచ్చి, మధ్యలో ఉండే గుణానికి అతి తక్కువ పొరపాటుతో సగటు చెప్పడం దీని పని. ఒక్క పటమే కావాలంటే ఇంతకన్నా మంచిది లేదు. చిక్కేమిటంటే సగటు పటం నున్నగా ఉంటుంది, ప్రకృతి నున్నగా ఉండదు. నున్నటి పటంలో గ్యాస్ అడ్డూ ఆపూ లేకుండా బావిదాకా పారుతుంది. అసలు రాతిలో దారి మధ్యలో తెగిపోతుంది. అందుకే తర్వాతి తరం గణితజ్ఞులు సగటును వదిలి, బావుల కొలతలను గౌరవిస్తూనే ప్రకృతిలోని ఎగుడుదిగుళ్లను కూడా చూపించే యాదృచ్ఛిక పటాలకు మళ్లారు. ఆ పద్ధతిని ఒకసారి నడిపితే ఒక పటం, వందసార్లు నడిపితే వంద వేర్వేరు పటాలు. వందా ఒకే సమాచారానికి సమానంగా సరిపోతాయి. వాటిలో ఫలానాదే నిజమని చెప్పే హక్కు గణితం ఎవరికీ ఇవ్వలేదు.

కేజీ బేసిన్ లోతు నీటి క్షేత్రాల్లో ఈ సమస్య మరీ తీవ్రం. ధీరూభాయ్ క్షేత్రాల్లోని గ్యాస్ ఉన్నది లక్షల ఏళ్ల క్రితం సముద్రపు వాలు మీదుగా బురదప్రవాహాలు మోసుకుపోయి నింపిన కాలువల ఇసుకలో. అవి మెలికలు తిరుగుతాయి, ఒకదాన్నొకటి కోసుకుంటాయి, గట్లు తెగి పక్కకు పొర్లుతాయి, చివరికి పలచబడి బురదలో కలిసిపోతాయి. ధవళేశ్వరం దిగువన కోనసీమలో పది బోర్లు వేసి, వాటిలో తగిలిన ఇసుకను బట్టి గోదావరి పాయలన్నీ, పూడిపోయిన పాత పాయలన్నీ, లంకలన్నీ గీయమంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఏ పాయ దేనితో కలుస్తుందో బోర్లు చెప్పవు. నది పాయలు ఎలా ప్రవర్తిస్తాయో ముందే తెలిసిన మనిషి మాత్రం పది బోర్లతో కూడా కొంత నయమైన బొమ్మ గీస్తాడు. 2002 ప్రాంతంలో సెబాస్టియన్ స్ట్రెబెల్ రూపొందించిన పద్ధతి సరిగ్గా ఆ జ్ఞానాన్నే కంప్యూటర్‌కు అందిస్తుంది. ముందు ఒక మాదిరి చిత్రం ఇస్తే, అందులోని మెలికలనూ కూడళ్లనూ నేర్చుకుని, బావులకు అతికేలా కొత్త కాలువలు గీస్తుంది. ఏ మాదిరి ఇవ్వాలన్నది మళ్లీ మనిషి తీర్పే.

ఇన్ని ఊహలు చివరి అంకెను ఎంత కదిలిస్తాయి? నిల్వ లెక్క గుణకారమే. రాతి ఘనపరిమాణం, అందులో ఇసుక వాటా, ఇసుకలో రంధ్రాల వాటా, రంధ్రాల్లో గ్యాస్ వాటా, పైకి వచ్చాక అది ఎన్ని రెట్లు వ్యాకోచిస్తుంది అన్నవన్నీ హెచ్చవేయాలి. ఉదాహరణకు 50 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 30 మీటర్ల మందం, 60 శాతం ఇసుక, 25 శాతం రంధ్రాలు, వాటిలో 70 శాతం గ్యాస్, రెండు కిలోమీటర్ల లోతున ఉండే పీడనానికి సుమారు 200 రెట్ల వ్యాకోచం అనుకుందాం. ఉపరితలం మీద 3,150 కోట్ల ఘనపు మీటర్లు, అంటే ట్రిలియన్ ఘనపుటడుగులకు కాస్త పైన వస్తుంది. ఇప్పుడు వ్యాకోచాన్ని అలాగే ఉంచి, మొదటి నాలుగూ ఐదో వంతు చొప్పున తగ్గాయనుకోండి. నిల్వ 1,300 కోట్ల లోపుకు పడిపోతుంది. ఐదో వంతు చొప్పున పెరిగితే 6,500 కోట్లు దాటుతుంది. ఒక్కో కొలతలో ఇరవై శాతం తేడా నిపుణులెవరూ తప్పుపట్టనంత చిన్నది. ఫలితంలో కిందికీ పైకీ మధ్య తేడా ఐదు రెట్లు.

అన్నీ ఒకేసారి ఒకే వైపు ఎందుకు తగ్గుతాయి, ఒకటి తగ్గితే మరొకటి పెరిగి సరిపోతుంది కదా అని అడగవచ్చు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే ఆ మాట నిజమే. ఇసుకరాతిలో అలా ఉండదు. కాలువ నడిమధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ ఇసుక మందం తగ్గుతుంది, బంకమట్టి పెరుగుతుంది, రేణువులు సన్నబడతాయి, రాతిలోంచి గ్యాస్ పారే వీలు, అంటే పారగమ్యత, పడిపోతుంది, సన్నటి రంధ్రాలు నీటిని గట్టిగా పట్టుకోవడంతో గ్యాస్ వాటా కూడా తగ్గుతుంది. చెడు అంతా ఒకేచోట పోగవుతుంది. మొదటి బావులు సహజంగానే సీస్మిక్‌లో బాగా మెరిసిన చోట, అంటే కాలువ నడుమ పడతాయి. వాటి గుణాలను అంచుల దాకా పాకిస్తే అంచనా ఉబ్బుతుంది. పైగా ఆ మెరుపే మోసం చేయగలదు. లేత ఇసుక రంధ్రాల్లో కొద్ది శాతం గ్యాస్ చేరినా తరంగ వేగం ఒక్కసారిగా పడిపోతుంది, ఆ తర్వాత గ్యాస్ ఎంత పెరిగినా పెద్దగా మార్పు రాదు. కాబట్టి తీయడానికి పనికిరానంత పలచటి గ్యాసూ, నిండుగా ఉన్న గ్యాసూ సీస్మిక్‌లో దాదాపు ఒకేలా మెరవవచ్చు.

ఎంత ఉందన్నది ఒక ఎత్తు, అందులో ఎంత కదులుతుందన్నది మరో ఎత్తు. ఇసుకకు ఇసుక తగిలి ఉంటేనే గ్యాస్ బావికి చేరుతుంది. ఈ అనుసంధానం ఎంత విలువైనదో కేజీ బేసిన్‌లోనే మరో ఉదంతం చెబుతుంది. ఓఎన్‌జీసీ బ్లాకుల నుంచి పక్కనున్న కేజీ-డీ6లోకి సుమారు 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ జరిగిందని అమెరికాకు చెందిన డీగోల్యర్ అండ్ మెక్‌నాటన్ సంస్థ 2015లో లెక్కగట్టింది. ఆ గ్యాస్ డబ్బు ఎవరికి చెందాలన్న వివాదంలో 2018లో మధ్యవర్తుల తీర్పు కేజీ-డీ6ను నడిపే రిలయన్స్ పక్షాన, 2025లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ప్రభుత్వ పక్షాన వచ్చాయి. సరిహద్దు గీత కాగితం మీదనే ఉంటుంది, ఇసుకకు దాని సంగతి తెలియదు. ఇసుక ఎక్కడిదాకా పాకిందో చూపే నమూనా ఇక్కడ వేల కోట్ల రూపాయల సాక్ష్యమైంది.

ఇప్పుడు వందలాది బొమ్మలు గీసే వీలునిచ్చే వర్క్‌ఫ్లో దగ్గరికి వద్దాం. సీస్మిక్ గీతలు గీయడం, వేగాలతో లోతుకు మార్చడం, గ్రిడ్ కట్టడం, లాగ్‌లను గడుల్లోకి ఎక్కించడం, ఇసుకనూ బంకమట్టినీ పరచడం, రంధ్రాలూ నీటి వాటాలూ నింపడం, నిల్వ లెక్కించడం, ప్రవాహాన్ని నడిపి చూడటం: ఈ మెట్లన్నీ ఒకప్పుడు వేర్వేరు గదుల్లో వేర్వేరు మనుషులు చేతితో చేసేవారు. మొత్తం పూర్తి కావడానికి నెలలు పట్టేది. అంత కష్టపడి కట్టాక దాన్ని కూల్చి మళ్లీ కట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఒక్క నమూనాకే అతుక్కుపోవడానికి మొండితనం కన్నా శ్రమ పెద్ద కారణం. వర్క్‌ఫ్లో అంటే ఆ మెట్లన్నిటినీ వరసగా రాసిపెట్టుకున్న ఆదేశాల జాబితా. వేగాల అంచనా మార్చి మీట నొక్కితే చివరిదాకా మొత్తం తిరిగి నడుస్తుంది. కొత్త బావి పడితే దాని లాగ్‌ను చేర్చి మళ్లీ నడిపించవచ్చు. నార్వే కంపెనీ ఈక్వినార్ వాళ్లు వాడే ఎర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వందలాది నమూనాలను ఒకేసారి నడిపి, బావుల్లో నిజంగా నమోదైన పీడనాలతోనూ ఉత్పత్తితోనూ పోల్చి, వాటన్నిటినీ కలిపి సరిదిద్దుతుంది. దీని వెనకున్న గణితానికి బీజం 1994లో గేర్ ఎవెన్సెన్ సముద్ర ప్రవాహాల అంచనా కోసం వేశాడు.

ఇలా వచ్చే ఫలితం ఒక వ్యాప్తి. తొంభై శాతం నమ్మకంతో ఇంతకు తగ్గదనేది పీ90, సగం నమ్మకంతో చెప్పేది పీ50, పది శాతం అవకాశమే ఉన్న ఆశ పీ10. ఈ మూడు అంకెలూ ప్రపంచమంతటా నిల్వల నివేదికల్లో వాడుకలో ఉన్నవే. అయినా బహిరంగ ప్రకటనల్లో, పత్రికల్లో, పైపులైన్ల లెక్కల్లో చివరికి నిలిచేది ఒక్కటే. కేజీ తీరంలోనే దీన్ దయాళ్ క్షేత్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగులు ఉన్నాయని 2005లో ప్రకటించారు. అభివృద్ధి ప్రణాళిక దగ్గరికి వచ్చేసరికి లెక్కకు నిలిచింది అందులో చాలా చిన్న భాగం.

వర్క్‌ఫ్లో మీద భూగర్భ శాస్త్రవేత్తల్లోనే ఒక బలమైన అభ్యంతరం ఉంది. యంత్రం వంద నమూనాలు ఇచ్చినా అన్నీ ఒకే మనిషి ఊహలోంచి పుట్టినవే కదా, మూల భావనే తప్పయితే వందా కలిసి ఒకేచోట తప్పుతాయి కదా అంటారు. ఈ మాటకు బలమైన ఆధారం కూడా ఉంది. 2007లో క్లేర్ బాండ్, ఆమె సహచరులు కంప్యూటర్‌లో తయారు చేసిన ఒక సీస్మిక్ చిత్రాన్ని 412 మంది నిపుణులకు చూపించి, లోపల ఏముందో గీయమన్నారు. చిత్రం వాళ్లే తయారు చేశారు కాబట్టి సరైన జవాబు వాళ్లకు తెలుసు. అందులోని భూచలన స్వభావాన్ని సరిగా పట్టుకున్నది 21 శాతం మందే. చాలామంది తమకు అలవాటైన ప్రాంతపు రూపాన్నే అందులో చూశారు. నేను ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను, దాని నుంచి వర్క్‌ఫ్లో దండగ అని తీసే ముగింపును మాత్రం ఒప్పుకోను. మనిషి ఊహ ఇంత జారేదైతే, ఆ ఊహను రాసిపెట్టి, పక్కన మరో ఊహను నిలబెట్టి, రెంటినీ నడిపి చూసే సాధనం ఇంకా ఎక్కువ కావాలి. వర్క్‌ఫ్లో ఉంటే ఏ గీత ఎక్కడ గీశారో, ఏ మాదిరి చిత్రం ఎంచుకున్నారో మరొకరు తెరిచి చూడవచ్చు, ప్రశ్నించవచ్చు. ఒక్క భావనతో వెయ్యి నమూనాలు నడపడం కన్నా మూడు భావనలతో ముప్పై నడపడం నయమని కూడా ఈ ప్రయోగం నేర్పుతోంది.

పెట్టుబడి పెట్టేవాడికి ఒక్క అంకె కావాలి, మూడు అంకెలు ఇస్తే నిర్ణయం ఆగిపోతుంది అన్నది ఇంకో వాదన. దీనికి జవాబు నార్వే అనుభవంలో ఉంది. అక్కడ క్షేత్రాలకు అనుమతి ఇచ్చేనాటి అంచనాలు, తర్వాతి వాస్తవ ఉత్పత్తి ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయి. రైడర్ బ్రాట్‌వోల్డ్ బృందం 2020లో వాటిని పోల్చి చూస్తే, అంచనాలు తరచూ ఆశావహంగా ఉన్నాయని, వాటికి ఇచ్చిన వ్యాప్తి కూడా మరీ ఇరుకుగా ఉందని తేలింది. అంత అనుభవం, అంత సమాచారం ఉన్నచోటే అలా అయితే, ఒక్క అంకె మీద ఆధారపడటం ఎక్కడా సురక్షితం కాదు. వ్యాప్తి తెలిసినవాడు నిర్ణయం ఆపడు, దశలుగా తీసుకుంటాడు. పీ90కి సరిపడా వేదిక ముందు కట్టి, రెండేళ్ల ఉత్పత్తి చూశాక మిగతాది కడతాడు. విద్యుత్ కేంద్రానికి అప్పిచ్చే బ్యాంకు పీ10 గ్యాస్‌ను చూసి అప్పివ్వదు.

జరిగిపోయాక ఇలా మాట్లాడటం తేలికే అనేవారూ ఉంటారు. ధీరూభాయ్ క్షేత్రాల విషయంలో కారణం ఏమిటన్నది ఈనాటికీ తేలలేదు. అనుకున్నన్ని బావులు తవ్వనందుకే ఉత్పత్తి పడిందని ప్రభుత్వం, భూగర్భమే ఊహించని తీరులో ఉందని కంపెనీ వాదించాయి. 22 బావులు తవ్వి 18 మాత్రమే ఉత్పత్తికి కలిపారు. పీడనం అంచనాకన్నా వేగంగా పడింది, బావుల్లోకి నీరూ ఇసుకా వచ్చాయి. ఎవరి వాదన సరైనదో ఇక్కడ తేల్చడం నా ఉద్దేశం కాదు. ఒక విషయం మాత్రం తర్వాత తెలిసింది కాదు, ఎప్పుడూ తెలిసినదే. గ్యాస్ బయటికి రావడం మొదలవగానే, తీసిన గ్యాస్‌కూ తగ్గిన పీడనానికీ మధ్య గీసే రేఖ లోపల అసలు ఎంత గ్యాస్ బావులతో కలిసి ఉందో చెప్పడం ప్రారంభిస్తుంది. నీరు తోసుకు వచ్చేచోట ఆ రేఖ కొంత మోసం చేస్తుంది, అయినా అది భూగర్భ నమూనాతో సంబంధం లేని స్వతంత్ర సాక్ష్యం. ఉత్పత్తి మొదలైన మొదటి ఏడాదిలోనే ఇలాంటి సాక్ష్యాన్ని వర్క్‌ఫ్లోలో పెట్టి, అంచనాను బాహాటంగా సవరిస్తూ పోయి ఉంటే, పైపులైన్లకూ విద్యుత్ కేంద్రాలకూ కొన్నేళ్ల ముందే హెచ్చరిక అంది ఉండేది.

ఆ పారదర్శకత అసాధ్యమేమీ కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఐరోపాలో అతిపెద్ద గ్యాస్ క్షేత్రం. 1959లో బయటపడింది. గ్యాస్ తీసేకొద్దీ భూమి కుంగి భూకంపాలు వచ్చాయి. 2012లో హాయిజింగా దగ్గర 3.6 తీవ్రతతో కంపించింది. జనం నిలదీశారు. 2023 అక్టోబరులో అక్కడ ఉత్పత్తి ఆపేశారు. ఆ క్షేత్రపు పెట్రెల్ భూగర్భ నమూనా ఇప్పుడు ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం ద్వారా పరిశోధకులెవరైనా తీసుకుని తెరవగలిగేలా అందుబాటులో ఉంది. ఈక్వినార్ 2018లో వోల్వె అనే తన ఉత్తర సముద్ర క్షేత్రపు మొత్తం సమాచారాన్ని, సుమారు 40 వేల ఫైళ్లను బయటపెట్టింది. ప్రపంచంలో ఎక్కడి విద్యార్థులైనా దానితో నమూనాలు కట్టడం నేర్చుకోవచ్చు. మన దేశంలోనూ హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ ఆధ్వర్యంలో 2017లో జాతీయ డేటా భాండాగారం మొదలైంది. సీస్మిక్, బావుల సమాచారం అందులో చేరుతోంది.

కేజీ బేసిన్‌లో గ్యాస్ కథ ముగిసిపోలేదు. 2020 డిసెంబరు నుంచి కేజీ-డీ6లోనే ఆర్ క్లస్టర్, ఆ తర్వాత శాటిలైట్ క్లస్టర్, ఎంజే క్షేత్రాలు ఒక్కొక్కటిగా ఉత్పత్తిలోకి వచ్చాయి. 2024 జనవరిలో పొరుగునున్న ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి చమురు మొదలైంది. వీటి మీద మళ్లీ పైపులు, కరారులు, అప్పులు ముడిపడతాయి. కాబట్టి డేటా భాండాగారంలో కొలతలతోపాటు నమూనాలూ, వాటిని కట్టిన వర్క్‌ఫ్లోలూ జమ కావాలి. అభివృద్ధి ప్రణాళికను ఆమోదించేటప్పుడు పీ90, పీ50, పీ10 మూడూ, అవి ఏ ఊహలతో వచ్చాయో ఆ ఊహలతో సహా ప్రజలకు చెప్పాలి. ఉత్పత్తి మొదలయ్యాక ఏటా వర్క్‌ఫ్లోను తిరిగి నడిపి, మారిన అంచనాను ప్రచురించాలి. వ్యాపార రహస్యం అడ్డొస్తే కొన్నేళ్ల గడువు పెట్టుకోవచ్చు, శాశ్వతంగా దాచిపెట్టడం మాత్రం కుదరదు. భూమి కింద ఉన్నది దేశ సంపద. తీసేవారికి ఇచ్చింది తీసుకునే అనుమతి మాత్రమే. ఇకపై ఏ క్షేత్రం గురించైనా ఇన్ని ట్రిలియన్లు ఉన్నాయన్న వార్త కనిపిస్తే, పీ90 ఎంత అని మన ప్రజాప్రతినిధులు శాసనసభలోనూ పార్లమెంటులోనూ అడగాలి, వాళ్లను మనం అడగాలి.